జమున విడిచిన నలుపు

భివండిలో తెలుగువాళ్లుండే కనేరిలో ఒక మాట తిరుగుతోంది. సదానందం పోయిన మూడో రోజున నది ఒడ్డున పిట్టకు పెడితే ఒక్క కాకి కూడా అన్నం ముట్టలేదట. ఒంటి నిండా నలుపు కప్పుకున్న కూతురు ఎదురుగా నిలబడితే తండ్రి ఎట్లా దిగి వస్తాడని పెద్దలు నిలదీశారట. అప్పుడా పిల్ల భోరున ఏడ్చి, నేల మీద పడి, ఈ జన్మలో ఇక నలుపు ముట్టనని ఒట్టు పెట్టుకుందట. ఒట్టు నోరు దాటిందో లేదో కాకులు గుంపుగా దిగి విస్తరి ఊడ్చేసి పోయాయట.

నాగావ్ చేరేసరికి ఆ మాటకు తోక మొలిచింది. ఆ పిల్లకు గాలి సోకిందనీ, కాకి అన్నం ముట్టగానే గాలి వదిలిందనీ అన్నారు. నిజాంపురాలో గాజుల కొట్టు దగ్గర ఆడవాళ్లు చెప్పుకునేటప్పుడు పిల్ల స్పృహ తప్పి పడిపోవడం కూడా వచ్చి చేరింది. ఇప్పుడు మాట వినని ఆడపిల్ల ఏ ఇంట్లో ఉన్నా ఈ కథే చెప్పి బెదిరిస్తున్నారు.

ఒక రోజు నల్లా దగ్గర, గల్లీకి కొత్తగా వచ్చిన కోడలొకతె ఈ కథను దుర్గవ్వకే చెప్పింది. తాను చెబుతున్నది ఆ పిల్ల తల్లితోనని ఆమెకు తెలియదు. దుర్గవ్వ మధ్యలో ఆపలేదు. బిందె నిండేదాకా విని, బిందె చంకకెత్తుకుని ఇంటికి వచ్చింది.

దుర్గవ్వ జగిత్యాల దిక్కు నుంచి పెళ్లికూతురిగా భివండికి వచ్చిన మనిషి. కండెల మిషన్ మీద పని చేస్తుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి చిన్న చిన్న కండెలకు నూలు చుట్టడం ఆమె పని. సదానందం మగ్గాలు నడిపేవాడు. వాళ్ల ఒంటిగది ఖోలీకీ మగ్గాల షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. పగలూ రాత్రీ ఆ గోడ సన్నగా వణుకుతూ ఉంటుంది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమంటాయి. ఆ గల్లీలో పుట్టిన పసిపిల్లలు చప్పుడుకు లేవరు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ జమున కూడా అట్లాగే పెరిగింది.

జమున తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. మాన్పించామని దుర్గవ్వ ఎప్పుడూ అనదు, మానేసిందనే అంటుంది. ఆ సంవత్సరం సదానందానికి దగ్గు మొదలైంది. జమున కొన్నాళ్లు తల్లి పక్కన కూర్చుని గుడ్డల అంచులకు వేలాడే దారాలు కత్తిరించింది. తర్వాత హైవే పక్కన గోదాములో ప్యాకింగ్ పనికి కుదిరింది. పక్క ఖోలీ మరాఠీ పిల్ల రూపాలి ఆమెను పనిలో పెట్టించింది. ఇద్దరూ ఒకే ఆటోలో పోయి ఒకే ఆటోలో వచ్చేవాళ్లు.

ఒక రోజు గోదాములో అన్నం తినే వేళ ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే జమునకు ఒక పాట తగిలింది. పాడుతున్న మనిషి బావి అడుగు నుంచి పాడుతున్నట్టు ఉంది. డప్పు నెమ్మదిగా, ఒకే తీరుగా, ఎక్కడా తొందరపడకుండా పడుతోంది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ ఆ చప్పుడు జమున ఎరిగినదే. మగ్గం చప్పుడులో నుంచి పరుగు తీసేస్తే, కోపం తీసేస్తే, మిగిలేది అట్లా ఉంటుందని ఆమెకు అనిపించింది. ఆ రోజు ప్యాకింగ్ డబ్బాల మీద చిట్టీలు తారుమారుగా అంటించి సూపర్‌వైజర్ చేత తిట్లు తిన్నది.

అటువంటి పాటలు వినేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారని, వాళ్లను గోత్‌లు అంటారని ఆమెకు మెల్లగా తెలిసింది. వాళ్లు నల్లబట్టలు కట్టుకుంటారు, కళ్లకు దట్టంగా కాటుక దిద్దుకుంటారు. పాడుపడ్డ గోడలు, పాత సమాధులు, వాన మబ్బులు వాళ్లకు ఇష్టం. చావు మాట ఎత్తితే చెవులు మూసుకోరు. ఫోన్‌లో ఒక గుంపు ఉంది. నాశిక్‌లో ఒక నర్సమ్మ, షోలాపూర్‌లో ఒక పిల్ల, వరంగల్‌లో కాలేజీ చదివే ఒక అబ్బాయి, ఇంకా ఎవరెవరో. జమున ముందు చాలా రోజులు వాళ్ల మాటలు చదవడమే తప్ప తన మాట రాయలేదు.

దుర్గవ్వ కంటికి మొదట కనబడినవి గోళ్లు. తర్వాత కాటుక. తర్వాత ఒక రోజు పిల్ల నల్ల చున్నీ, నల్ల కుర్తా వేసుకుని, నిజాంపురా బజారులో కొన్న నకిలీ వెండి ఉంగరాలు వేళ్ల నిండా పెట్టుకుని పనికి బయలుదేరింది. ఇదేం వేషమని తల్లి అడిగింది.

“ఏషం కాదమ్మా. నేను గిట్లనే ఉంట,” అంది జమున. ఆ పిల్ల ఎప్పుడూ మాటలు పోగు చేసే రకం కాదు.

నిజాంపురాలో సగం మంది ఆడవాళ్లు నల్ల బురఖాల్లోనే తిరుగుతారు కాబట్టి అక్కడ జమునను తిరిగి చూసినవాళ్లు లేరు. కనేరిలో తెలుగువాళ్ల గల్లీ మలుపు తిరిగితే మాత్రం ప్రతి గడప మీదా ఒక జత కళ్లు ఉండేవి. ఎదురింటి ఆగమ్మకు ఇది పండగే అయింది. గోత్ అనే మాట ఎవరి ద్వారానో ఆమె చెవిన పడింది. నల్లా దగ్గర అందరి ముందూ దుర్గవ్వను పట్టుకుంది.

“మీ బిడ్డ గోత్రం మారిందంట గద దుర్గవ్వా. లగ్గం ఎప్పుడు జేసినవ్? మాకు ఇంత బువ్వన్న పెట్టకపోతివి.”

అందరూ నవ్వారు. దుర్గవ్వ కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. ఇంటికి వచ్చి ఆ కోపమంతా రొట్టెల పిండి మీద తీర్చుకుంది. ఆమెకు భయం నవ్వులది కాదు. నలుపు మంచిది కాదని ఆమె తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. శుభానికి పనికిరాని రంగును పిల్ల కోరి నెత్తిన పెట్టుకుంటే, ఇంట్లో దగ్గే మనిషి ఉన్నప్పుడు, ఏమవుతుందోనని.

ఒకసారి ముంబైలో ఏదో క్లబ్బులో ఆ పాటలే రాత్రంతా పెడతారని గుంపులో పిలుపు వచ్చింది. రూపాలి ఉబలాటపడింది, తోడు వస్తానంది. జమున పోలేదు. తండ్రిని విడిచి రాత్రిపూట అంత దూరం పోయేదెట్లా, తిరిగి వచ్చేదెట్లా అనుకుంది. పోయినవాళ్లు పెట్టిన ఫొటోలు చూసి, క్లబ్బు మొహం చూడనిదాన్ని, నేను కూడా మీలో మనిషినేనా అని మొదటిసారి గుంపులో అడిగింది. నాశిక్ నర్సమ్మ బదులు రాసింది. నేను పదేళ్లుగా వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్నాను, ఒక్క క్లబ్బుకూ పోలేదు, తెల్లారి అద్దం ముందు కాటుక నేనే దిద్దుకుంటాను, అది ఇంకెవరిదో ఎట్లా అవుతుంది అని. జమున ఆ మాటను రూపాలికి చదివి వినిపించింది. రూపాలి దుర్గవ్వకు చెప్పింది. దుర్గవ్వకు అందులో ఏమీ అర్థం కాలేదు కానీ, తన బిడ్డకు ఎక్కడో నాశిక్‌లో ఒక పెద్ద దిక్కు ఉన్నట్టు తోచి, అది కూడా గుచ్చుకుంది.

ఇక సదానందం సంగతి. చిన్నప్పటి నుంచీ షెడ్డులో ఉండి ఉండి అతని చెవులు పోయాయి. ముందు సన్నని చప్పుళ్లు పోయాయి, తర్వాత మనుషుల గొంతులు, చివరికి అన్నీ. షెడ్డులో అది పెద్ద లోటు కాదు. అక్కడ చెవులున్నవాళ్లు కూడా పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. మగ్గం మీద అరచేయి ఆనించి ఎక్కడ వదులయిందో పట్టేవాడు. ఇంట్లో జమున అతని ముందు కూర్చుని పెదవులు నిదానంగా కదిపేది. దుర్గవ్వకు అంత ఓపిక ఉండేది కాదు, ఊరికే అరిచేది. అరిచినా లాభం లేదని తెలిసి కూడా అరిచేది.

కూతురి నల్లబట్టలు చూసి సదానందం తిట్టలేదు. కుర్తా అంచు పట్టుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, “రంగు నిలువలే,” అన్నాడు. అప్పటికే అది ఉతుకులకు బూడిద రంగుకు దిగింది. మగ్గాల్లోకి రాకముందు, పడుచు వయసులో, అతను కొన్నాళ్లు రంగుల కార్ఖానాలో పని చేశాడు. ఆ సంగతి దుర్గవ్వ కూడా మరిచిపోయింది.

షెడ్డులో నేసేది ఎప్పుడూ రంగు వేయని పచ్చి గుడ్డే. పోగు తప్పి పక్కన పడేసిన ముక్క ఒకటి సేటును అడిగి తెచ్చాడు. మగ్గాలకు సెలవున్న రోజు, ఎవరూ తిరగని షెడ్డు వెనకాల మూడు రాళ్లు పెట్టి పాత నూనె డబ్బాలో నీళ్లు కాగబెట్టాడు. గుడ్డకున్న గంజి పోకుండా రంగులో వేస్తే మచ్చలు పడతాయని ముందు సోడాలో ఉడికించాడు. తర్వాత నల్లరంగు, ఉప్పు. కట్టెతో తిప్పుతూ, దగ్గు వచ్చినప్పుడల్లా ఆగుతూ, మళ్లీ తిప్పుతూ. జమున పక్కన కూర్చుని పొగకు కళ్లు తుడుచుకుంటుంటే కాటుక చెంపలదాకా పారింది. తండ్రి ఆమెను చూసి నవ్వాడు. ఆమె అతని చేతులు చూసి నవ్వింది. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ రంగు చాలా రోజులు పోలేదు. షెడ్డులో మిగతావాళ్లు ఎక్కడ దొంగతనం చేసి దొరికావని ఎగతాళి చేస్తే, వినబడనట్టు ఊరుకున్నాడు. నిజానికి వినబడలేదు కూడా.

ఆ గుడ్డతో జమున పాదాల దాకా దిగే గౌను కుట్టుకుంది. చీరల అంచులు తూకానికి అమ్మే చోట నల్ల లేసు ఏరి తెచ్చి చేతులకు వేసింది. ఆ గౌను వేసుకుని గడప మీద నిలబడితే దుర్గవ్వ గుండె ఝల్లుమంది. పిల్ల అందంగా ఉండటమే ఆమెకు ఎక్కువ బాధ అయింది. రంగు ఎవరు అద్దారని గల్లీలో అడిగితే, బజారులో కొన్నదని చెప్పింది. మొగుణ్ని కూడా నలుగురి నోళ్లలో వేయడం ఇష్టం లేక.

దగ్గు ముదిరి సదానందం షెడ్డుకు పోవడం మానేశాడు. ఛాతీ లోపల దూది నిండినట్టు ఉందనేవాడు. జమున పని నుంచి రాగానే అతని పక్కన కూర్చునేది. ఒక సాయంత్రం ఆమె దగ్గరున్న చిన్న స్పీకర్ డబ్బా అతని పక్కనే మంచం మీద మోగుతోంది. అతని చేయి పొరపాటున దాని మీద పడింది. తీయబోయి, తీయకుండా ఉంచాడు. అరచేయి పూర్తిగా ఆనించాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

“మెల్లగ నడుస్తుంది,” అన్నాడు. “మంచిగ నడుస్తుంది. పోగు తెగుతలేదు.”

ఆ తర్వాత అది వాళ్లిద్దరి అలవాటయింది. ఒక్కోసారి అతను డబ్బాను ఛాతీ మీద పెట్టుకుని పడుకునేవాడు. ఆ పాటల్లో ఒకటి అతనికి నచ్చేది. అది ఏదో పేరుతో అడగలేడు కదా, మంచం పట్టె మీద వేళ్లతో కొట్టి చూపించేవాడు. జమున అదే పెట్టేది. దుర్గవ్వ పొయ్యి దగ్గర నుంచి ఈ వింత చూసేది. తాను ఇన్నేళ్లు అరిచినా చేరని చోటికి ఆ డబ్బా ఎట్లా చేరిందో ఆమెకు తెలియలేదు.

వానాకాలం మొదట్లో అతను ఇక లేవడని అందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్లంతా నయమవుతుందనే అన్నారు. అతని అన్న చిన్నయ్య రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని, దసరాకు ఊరికి పోదాం తమ్మీ అనేవాడు. సదానందాన్ని భివండికి తీసుకువచ్చింది చిన్నయ్యే. ఊరికి పోదామనేటప్పుడు తమ్ముడి మొహం చూడలేక గోడ వంక చూసేవాడు. పెదవులు కనబడక సదానందానికి అతను ఏమంటున్నాడో తెలిసేది కాదు.

ఒక్క జమునే తండ్రి ముందు కూర్చుని, పెదవులు నిదానంగా కదిపి అడిగింది. “భయమైతుందా బాపు?”

దుర్గవ్వ చేతిలో గిన్నె అక్కడే పడేసి వచ్చింది. చావు మాటలు ఇంట్లో ఎత్తుతావా, నీ నలుపుతో చాలలేదా అని బిడ్డ రెక్క పట్టి లేపబోయింది. సదానందం చేయి చాపి భార్య చీర కుచ్చెళ్లు పట్టుకున్నాడు.

“అడగనియ్యి దుర్గవ్వా. ఎవ్వలు అడుగుతలేరు.”

తర్వాత బిడ్డ వైపు తిరిగి, “కరెంటు పోతె మగ్గాలన్ని ఒక్కపారి బందయితయి సూడు. గట్లనే కావచ్చు. అలవాటు లేక భయమనిపిస్తది గంతే,” అన్నాడు.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున పోయాడు. ఊరికి తీసుకుపోయే మాట వచ్చింది కానీ, ఇక్కడే కానీయమని అతనే ముందు చెప్పి ఉన్నాడు. చిన్నయ్య కొరివి పెట్టాడు.

మూడో రోజు కామ్వారి నది ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పక్కకు జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం వాళ్ల పద్ధతి. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో రంది, తీరని దిగులు మిగిలి ఉన్నట్టు. అన్నం, కోడికూర, ఉడికించిన శనగల గుడాలు పెట్టారు. రాత్రే పిల్ల ముందు పచ్చటి పంజాబీ డ్రెస్సు ఒకటి పెట్టి, రేపు ఇది వేసుకొమ్మని దుర్గవ్వ చెప్పింది. జమున తెల్లారి ఆ నల్ల గౌనుతోనే వచ్చింది. తండ్రి కోసం వేసుకోదగ్గది తన దగ్గర అదొక్కటే ఉందంది. దుర్గవ్వకు వాదించే శక్తి లేదు.

తుంపర పడుతోంది. ఎదురుగా రావి కొమ్మ మీద కాకులు వరుసగా కూర్చుని ఉన్నాయి, దిగడం లేదు. చిన్నయ్య వెళ్లి విస్తరి పక్కన బీడీ కట్ట పెట్టి వచ్చాడు. కాకి దిగలేదు. చాయ్ అంటే ప్రాణం కదా అని ఎవరో గుర్తు చేస్తే, ఒకరు పరిగెత్తి గ్లాసుతో చాయ్ తెచ్చి పెట్టారు. దిగలేదు. చిన్నయ్య చేతులు జోడించి, దుర్గవ్వను నేను చూసుకుంటాను తమ్మీ, తిండికి లోటు రానీయను, రంది పెట్టుకోకు అన్నాడు. రెండు కాకులు కొమ్మ మీది నుంచి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ కొమ్మ మీదికే పోయాయి. ఒడ్డున ఉన్నవాళ్లందరూ ఒక్కసారి నిట్టూర్చారు. చిన్నయ్య ఏడ్చేశాడు.

“నేనే పట్కొచ్చిన ఈడికి. నా మీద కోపమా తమ్మీ,” అన్నాడు.

ఆ పెద్దమనిషి ఏడుపు ఎవరూ చూడలేకపోయారు. ఆ చూడలేకపోవడంలో అందరి కళ్లూ మరో వైపు తిరిగాయి. తిరిగిన చోట జమున నిలబడి ఉంది, నిలువెల్లా నలుపుతో. ఆగమ్మ మెల్లగానే అంది. వెటకారంగా కాదు, నిజంగానే నమ్మి అంది.

“బిడ్డ రంది పట్టుకున్నదేమో చిన్నయ్యా. గా బట్టలు జూస్తె ఎట్ల వస్తడు?”

మాట ఒకరి నుంచి ఒకరికి పోయింది. దూరంగా నిలబడ్డ రూపాలి దుర్గవ్వ చెవి దగ్గరికి వంగి, “మావ్శీ, కాకే నల్లగుంటది గద,” అంది. ఎవరూ వినలేదు. విన్నా నవ్వే చోటు కాదు.

చిన్నయ్య కళ్లు తుడుచుకుని జమున ముందుకు వచ్చాడు. అతనిలో కోపం లేదు. అడుక్కుంటున్నట్టే ఉన్నాడు.

“బిడ్డా, ఒక్క మాట జెప్పు మీ బాపుకు. ఇడుస్తనని జెప్పు. ఆకలితోటి పోతుండు వాడు.”

జమున విస్తరి వైపు చూసింది. పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. తండ్రితో మాట్లాడే అలవాటు కొద్దీ అట్లా కదిపిందో, నిజంగానే మాట రాలేదో. కొంచెం పొట్టివైన గౌను చేతులను మణికట్టు దాకా లాక్కుంది. తర్వాత తల్లి వైపు చూసింది.

ఆ చూపు ఎందుకో దుర్గవ్వకు తెలుసు. ఆ రంగు ఎవరు అద్దారో అక్కడ ఉన్నవాళ్లలో తల్లీబిడ్డలకే తెలుసు. దుర్గవ్వ ఒక్క మాట చెబితే చాలు. నా మొగుడే దగ్గుతూ డబ్బాలో తిప్పి తిప్పి అద్దాడు, ఆ నలుపు మీద ఆయనకు ఏ రందీ లేదు అంటే చాలు. చెబుదామనే నోరు తెరిచింది. కొమ్మ మీద కాకులు కనబడ్డాయి. ఒకవేళ ఆగమ్మ అన్నదే నిజమైతే? అద్దినప్పుడు ఆయన నవ్వాడు, కానీ పోయేముందు మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఆ ఆలోచన వెనకాల ఇంకొకటి కూడా ఉంది. ఇట్లాగైనా ఈ నలుపు ఇంట్లోంచి పోతుంది కదా అని. అది తన ఆలోచనేనని ఆమెకు తర్వాత ఎన్నో రోజులకు గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు.

“ఇడుస్తది,” అంది దుర్గవ్వ విస్తరి వైపు తిరిగి. “నేను ఇడిపిస్త. నీ బిడ్డ ఇగ నలుపు కట్టది. నేను మాటిస్తున్న, తిను.”

తుంపర వెలిసింది. కాసేపటికి ఒక కాకి దిగి, అటూ ఇటూ చూసి, మెతుకు ఎత్తుకుంది. దాని వెనక ఇంకొకటి. ఆడవాళ్లు ఏడ్చారు. చిన్నయ్య నేల మీద కూలబడి మొక్కాడు. ఆగమ్మ జమున తల నిమిరింది. జమున కింద పడలేదు, ఏడవలేదు. కాకి తిన్నంతసేపూ కన్నార్పకుండా దాన్నే చూసింది.

ఇంటికి వచ్చి స్నానం చేసి పచ్చ డ్రెస్సు వేసుకుంది. గౌను, చున్నీలు, ఉంగరాలు, కాటుక డబ్బా, గోళ్ల రంగు అన్నీ ఒక సంచిలో పెట్టి, మూతి కట్టి, అటక మీదికి ఎక్కించింది. దినాలు అయినాక పనికి పోవడం మొదలుపెట్టింది. గల్లీలో ఇప్పుడు ఆమెను ఎవరూ తిరిగి చూడరు. లక్షణంగా ఉన్నావని ఆగమ్మ ఒక రోజు మల్లెపూలు కూడా ఇచ్చింది. జమున పెట్టుకుంది.

దుర్గవ్వ కోరుకున్నది ఇదే. అది దక్కినాక చూస్తే ఇల్లు సగం ఖాళీ అయినట్టు ఉంది. మనిషి పోయిన ఖాళీ ఒకటి, అది తెలిసినదే. దాని పక్కన ఇంకొకటి. పచ్చ డ్రెస్సు వేసుకున్న పిల్ల అన్నం తింటుంది, గిన్నెలు కడుగుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఫోన్ ఎప్పుడో గానీ చేతిలోకి తీసుకోదు. నాశిక్ నర్సమ్మ రోజూ ఎట్లున్నావని అడుగుతోందనీ, జమున బదులు రాయడం లేదనీ రూపాలి చెప్పింది. బట్టలు విడిస్తే మనిషి మారిపోదు కదా, నువ్వు ఇంకా వాళ్లలోనే ఉన్నావు కదా అని రూపాలి అడిగితే, తెల్వదు అందట.

చివరికి దుర్గవ్వే ఒక సాయంత్రం స్టూలు వేసుకుని అటక మీది సంచి దించింది. మూతి విప్పి, గౌను తీసి దులిపి, బిడ్డ ఒడిలో పెట్టింది.

“ఏసుకో బిడ్డా. ఎవ్వలేమన్న నేను జూస్కుంట.”

జమున గౌను మీద చేయి వేసింది. కుర్తా రంగు చూసినప్పుడు తండ్రి తిప్పినట్టే, వెలుగులో అటూ ఇటూ తిప్పింది. తర్వాత మడతలు తప్పకుండా మడిచి తల్లికి తిరిగి ఇచ్చింది.

“నువ్వు బాపుకు మాటిచ్చినవ్ గద అమ్మా. నేను ఏసుకుంటె నువ్వు అబద్ధమాడినట్టయితది.”

కోపంగా అని ఉంటే దుర్గవ్వ తట్టుకునేది. పిల్ల మామూలుగా, తల్లి పరువు తన చేతిలో ఉన్నట్టు చెప్పింది. దుర్గవ్వ సంచి మూతి కట్టింది. ఆ మాటను తిరిగి తీసుకుందామంటే ఎవరి దగ్గరికి పోవాలి? మాట పుచ్చుకున్న మనిషి లేడు.

ఇంకో రోజు, గోడ వణుకుతుండగా, గ్లాసులు గణగణమంటుండగా, ఆ స్పీకర్ డబ్బా పెట్టమని దుర్గవ్వ అడిగింది. జమున కొంచెంసేపు తల్లి మొహం చూసి, దుమ్ము తుడిచి, పాట పెట్టింది. సదానందం మంచం పట్టె మీద కొట్టి చూపించిన పాటే అది. దుర్గవ్వ మొగుడు ఆనించినట్టే అరచేయి ఆనించింది. కళ్లు మూసుకుంది. వేళ్ల కింద ఏదో పురుగు కొట్టుకుంటున్నట్టు ఉంది, అంతే. ఎవరో అర్థం కాని మాటలు పాడుతున్నారు.

“నాకేం తెలుస్తలేదు బిడ్డా,” అంది.

“నీకు చెవులున్నయి గద అమ్మా,” అంది జమున. కానీ పాట ఆపలేదు. అయిపోయేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

ఆ కొత్త కోడలు నల్లా దగ్గర చెప్పిన కథలో ఒట్టు పెట్టుకున్నది జమున. అది తప్పని దుర్గవ్వకు తెలుసు. ఇంకో సంగతి మాత్రం ఆ కథలోనూ లేదు, ఒడ్డున నిలబడ్డవాళ్లలో ఎవరికీ ఆ పూట తట్టనూ లేదు. విస్తరి వడ్డించగానే తుంపర మొదలైంది. తమ్ముడి అన్నం తడవకూడదని చిన్నయ్య తన పెద్ద గొడుగు విప్పి, కర్ర బురదలో గుచ్చి, విస్తరి మీద నిలబెట్టి వచ్చాడు. అది గాలికి టపటప కొట్టుకుంటూనే ఉంది. దుర్గవ్వ మాట ఇచ్చాక తుంపర వెలిసింది. చిన్నయ్య వెళ్లి గొడుగు పీకి, ముడిచి, చంకలో పెట్టుకుని వచ్చాడు. కాకి దిగింది ఆ తర్వాత.